గుండీలున్నాయి, కాజాలు లేవు

"నీ గది కిటికీ గడియ పెట్టావా? టీ పెట్టుకున్నావు కదా, మంట ఆర్పావా? ఆగు, ఆ మెట్టు మీద తడి ఉంది, చూసి దిగు! పై అంతస్తువాళ్ళు మళ్ళీ బకెట్టు ఒలకబోశారు. మొన్న ఎదురింటాయన జారి, నడుం విరగాల్సింది, ఏదో అదృష్టం బాగుండి బతికిపోయాడు. అక్కడికి చేరాక ఒక్క మాట చెప్పు, ఎవరి ఫోనులోంచైనా సరే. ఆకాశం చూశావా, ఎలా మొహం మాడ్చుకుని ఉందో! వెలుతురు ఉండగానే వచ్చెయ్. వింటున్నావా?"

వినాల్సిన పిల్ల అప్పటికే రెండు అంతస్తులు దిగిపోయింది. మూడో అంతస్తు కిటికీలోంచి తల బయటికి పెట్టి తల్లి ఇంకాసేపు చూసింది. వీధిలో కూతురి జడ కనిపించింది, బస్సు కనిపించింది, జడ బస్సులోకి ఎక్కింది. జవాబు మాత్రం ఏ రోజూ రాలేదు, ఆ రోజూ రాలేదు.

ఆ వీధిలో అందరూ ఆమెను జాగ్రత్తమ్మ అంటారు. ఊరికే అనలేదు. సీలింగు ఫ్యాను ఊడిపడుతుందేమోనని ఆమె మంచాలన్నీ గోడలవైపు జరిపించింది. ఫ్యాను కింద ఖాళీ అయిన చోట అత్తగారు కుర్చీ వేసుకుంటే, ఆ కుర్చీనీ జరిపించింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఫ్యాను గాలి ఎవరికీ తగలదు, నేల ఒక్కదానికే తగులుతుంది. ఇంటి తాళం చెవులు ఎక్కడైనా పోతాయేమోనని మూడు ఇళ్ళలో మూడు దాచింది. ఎవరింట్లో ఉన్నాయో మరిచిపోతానేమోనని ఓ చీటీ మీద రాసుకుంది. ఆ చీటీ దొంగల చేతిలో పడుతుందేమోనని ఎక్కడో దాచింది. ఎక్కడ దాచిందో నాలుగేళ్ళుగా వెతుకుతోంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయన ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే చాలు, ఈమె మనసులో ఆయన ఎక్కడో పన్నెండో అంతస్తు నుంచి పడిపోయి ఉంటాడు. అరగంట ఆలస్యమైతే, పరామర్శకు వచ్చేవాళ్ళకు కుర్చీలు ఎవరింటి నుంచి తేవాలో కూడా ఆలోచన అయిపోయి ఉంటుంది. ఆయన తాపీగా వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఆ తెచ్చిన కుర్చీలన్నీ మళ్ళీ మనసులోనే ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది.

ఆ సాయంత్రం కూతురు వెలుతురు ఉండగానే వచ్చింది. వస్తూనే సంచిలోంచి ఓ కాగితం తీసి, తల్లి వంటగదిలో ఉండడం చూసుకుని, పిల్లిలా అడుగులేస్తూ తండ్రి దగ్గరికి నడిచింది.

"నాన్నా, దీని మీద ఓ సంతకం పెట్టెయ్యవా? చదవక్కర్లేదు."

"చదవకుండా సంతకమా!" అంటూ వంటగదిలోంచి తల్లి గరిటెతో సహా వచ్చేసింది. "చదవకుండా సంతకాలు పెట్టి ఎన్ని కొంపలు మునిగాయో తెలుసా? ఏమిటది? బళ్ళోంచి తీసేస్తున్నారా?"

"అబ్బా, ఎవరూ ఎవరినీ తీసెయ్యట్లేదమ్మా. కవిత."

సంగతి ఏమిటంటే, బళ్ళో భాష చెప్పే టీచరుగారికి ఓ పద్ధతి ఉంది. పిల్లలందరూ తలా ఓ చిన్న కవిత రాయాలి. చేతిరాత తెలియకుండా బడి కంప్యూటరులో కొట్టి, పేరు వెయ్యకుండా మడిచి, బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. తర్వాత ఒక్కొక్కరూ డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. చేతికి ఏది వస్తే అది, మార్చుకోవడాల్లేవు. దాన్ని ఇంటికి తీసుకుపోయి, ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని, ఆ కవిత తయారీ ఎలా ఉంది, అందులో మనసు ఎలా ఉంది అని ఓ పేజీ రాయాలి. కింద పెద్దవాళ్ళ సంతకం. ఎల్లుండి తిరిగి ఇచ్చెయ్యాలి.

"ఎవరు రాసింది ఇది?" అని అడిగింది తల్లి.

"నాకేం తెలుసు? పేర్లుండవన్నాగా," అంది కూతురు. చెవులు రెండూ టమాటాల్లా ఎర్రబడ్డాయి.

"జ్వరమా నీకు?" అంటూ తల్లి ముందు పిల్ల నుదురు పట్టుకు చూసి, తర్వాత కాగితం అందుకుని, బయటికే చదివింది.

గడియ పెట్టావా
మంట ఆర్పావా
ఆ మెట్టు మీద తడి ఉంది
చూసి దిగు
అక్కడికి చేరాక ఒక్క మాట చెప్పు
వెలుతురు ఉండగానే వచ్చెయ్
వింటున్నావా

లిఫ్టులు బాగుచేసే ఆయనకు టీ పొలమారింది. కాసేపు దగ్గాడు. కూతురు ఆయన వైపు చూడలేదు, ఆయనా కూతురి వైపు చూడలేదు. ఆ చూసుకోకపోవడంలోనే ఇద్దరికీ అన్నీ అర్థమైపోయాయి.

తల్లికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఇందులో వింతేమీ లేదు. రోజంతా కుట్టు మిషను తొక్కే మనిషికి మిషను చప్పుడు వినిపించదు. తన నోటి మాట తన చెవిన ఎప్పుడూ పడలేదు, కాగితం మీద అసలే చూసుకోలేదు. పైగా ఆమె మాట్లాడితే ఈ ఏడు ముక్కల మధ్య ఎదురింటాయన నడుమూ, పై అంతస్తువాళ్ళ బకెట్టూ, ఆకాశం మొహమూ ఉంటాయి. అవన్నీ తీసేస్తే మిగిలినదాన్ని ఆమె ఎలా పోల్చుకుంటుంది?

"మళ్ళీ చదువు," అంది గోడవారగా కూర్చున్న అత్తగారు. చదివించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపింది. "తెలిసింది. ముసలిదాన్ని సాగనంపుతున్నారు."

"ఎవర్ని అత్తయ్యా?"

"ఎవరినైతేనేం! గడియ పెట్టావా, మంట ఆర్పావా, అన్నీ సర్దుకున్నావు కదా, ఇక మెల్లిగా దిగు తల్లీ అంటున్నారు. అక్కడికి చేరాక అంటే ఎక్కడికే? నా వయసుదానికి అక్కడంటే ఒకటే చోటు. ఏ ఇంటి కోడలు రాసిందో గానీ మహా ఇల్లాలు!"

"అక్కడికి పోయేవాళ్ళను వెలుతురు ఉండగానే వచ్చెయ్ అంటారా ఎవరైనా?"

"అదేనే వెటకారం. ఎలాగూ రాదని తెలుసుగా!"

"నానమ్మా!" అంది మనవరాలు ఏడవలేక నవ్వుతూ.

"ఏవండీ, మీరైనా చెప్పండి," అని తల్లి భర్త వైపు తిరిగింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడని మనిషి. ఇది ఆచితూచి అనాల్సిన సమయమని ఆయనకు తెలుసు.

"మొదట రెండు కుదుపులు. తర్వాత సాఫీగానే దిగింది," అన్నాడు. కాగితం వైపు మరోసారి చూశాడు. "చివర్లో ఆగింది గానీ తలుపు తెరుచుకోలేదు."

"లిఫ్టు సంగతి కాదండీ నేనడిగేది!"

"నేను చెప్పిందీ అది కాదు," అని ఆయన లేచి స్నానానికి పోయాడు.

తల్లి కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరో పిల్ల. తన కూతురి పక్క బెంచీలో కూర్చునే పిల్లే కావచ్చు. ఆ పిల్ల ఇంట్లో ఏదో ఉంది. మంటట, తడిట, చీకటి పడకుండా రమ్మనడమట.

"ఇది రాసిన పిల్ల ఏదో ప్రమాదంలో ఉందే," అంది.

"ఏ ప్రమాదమూ లేదమ్మా. బాగానే ఉంటుంది. ఉత్త కవిత."

"నీకెలా తెలుసు బాగుంటుందని?"

కూతురు సంచి సర్దుకుంటున్నట్టు వంగింది. "తెలీదు," అంది.

"అదీ! తెలియనప్పుడు బాగానే ఉంటుందని ఎలా అంటాం?" ఆమె బతుకంతా నడిపిన సూత్రం అదే. కొలతల చీటీ ఒకటి వెతికి, దాని వెనక కవితను పొందిగ్గా ఎక్కించుకుంది. "పొద్దున షాపులో నలుగుర్నీ అడుగుతాను."

"నలుగుర్నా!" అంది కూతురు, గొంతు కీచుమనేలా. "అమ్మా, వద్దు, నానమ్మ చెప్పిందే రాసేద్దాం. ముసలావిడని సాగనంపారు. చాలా బాగుంది."

"చూశావా," అంది అత్తగారు, మనవరాలికైనా తన తెలివి తెలిసివచ్చినందుకు మురిసిపోతూ.

ఆమె పనిచేసేది ఓ దర్జీ షాపులో. కొత్త బట్టలు కుట్టేది మాస్టారు. పాతవి సరిచేసే బల్ల ఈమెది. లావైనవాళ్ళ నడుములు వదులు చెయ్యడం, సన్నబడ్డామని సంబరపడేవాళ్ళవి బిగించడం, మళ్ళీ మూడు నెలలకు వదులు చెయ్యడం, చిరుగులు కుట్టడం, గుండీలు వెయ్యడం, అవి దూరేందుకు కాజాలు తియ్యడం. ఏ బట్టైనా ఆమె చేతికి వస్తే ముందు తిరగేస్తుంది. పైనుంచి చూస్తే బట్ట అబద్ధం చెబుతుంది, లోపలి కుట్టు చెప్పదు అంటుంది.

మర్నాడు ఆమె షాపులోకి అడుగుపెడుతూ, "ఇస్త్రీపెట్టె ప్లగ్గు తడి చేత్తో ముట్టుకోలేదు కదా?" అని ఇస్త్రీ చేసే ఆమెను అడిగి, "మాస్టారూ, ఆ కత్తెర మొన ద్వారం వైపు పెట్టకండి, ఎవరైనా విసురుగా వస్తే పొట్టలో దిగుతుంది," అని మాస్టారుకు చెప్పి, అప్పుడు చీటీ తీసి బల్ల మీద పరిచింది.

"మీ ఇద్దరూ ఇది విని ఏమనిపిస్తోందో చెప్పండి," అని చదివింది.

"ఇది నేనెక్కడో విన్నానే వదినా!" అంది ఇస్త్రీ ఆమె. "ఎక్కడబ్బా... రోజూ విన్నట్టే..."

మాస్టారు బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కాడు. ఇస్త్రీ ఆమె ఓసారి మాస్టారునూ, ఓసారి జాగ్రత్తమ్మనూ చూసింది. కళ్ళు ఇంతింతలయ్యాయి. గబుక్కున ఓ చొక్కా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని మరక ఏమైనా ఉందేమో వెతకసాగింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"రోజూ ఎక్కడ విన్నావు?"

"ఎక్కడా లేదు వదినా. ఏదో ప్రకటన అనుకున్నా."

జాగ్రత్తమ్మ ఆ మాట పట్టించుకోలేదు. మెడలోని టేపు తీసి వరసల మీద పెట్టి కొలిచింది. చీటీని తిరగేసింది. వెనక ఎవరిదో ప్యాంటు నడుం కొలత తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఇటు తిప్పింది.

"మాస్టారూ, ఇది కొత్త గుడ్డతో కుట్టింది కాదండీ."

"అంటే ఏమిటమ్మా?" అన్నాడు మాస్టారు చాలా జాగ్రత్తగా.

"అంచులు చూడండి. ఒకటి బెత్తెడుంది, ఒకటి జానెడుంది. కొత్తగా కోస్తే ఇలా కొయ్యరు. ఏదో పెద్ద గుడ్డ, బాగా వాడిన గుడ్డ, అందులోంచి నాలుగొంతులు పారేసి ఈ ఏడు ముక్కలూ ఏరారు. ఎవరో ఎడతెగకుండా మాట్లాడుతుంటే, అందులోంచి కత్తిరించుకున్నట్టు."

మాస్టారు నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్ళ కత్తిరింపులో ఆయనకు ఇలాంటి చూపు తగల్లేదు.

"ఇంకోటి. గుండీలు చూడండి. పెట్టావా, ఆర్పావా, వింటున్నావా. మూడు గుండీలు వేశారు. రెండోవైపు కాజా ఏదీ? ఒక్కటీ లేదు. అడుగుతోంది, అడుగుతోంది, అవతలివైపు పట్టుకునేది ఏమీ లేదు. చొక్కా తొడుక్కుంటే రెండు రెక్కలూ గాలికి కొట్టుకుంటూ ఉంటాయి." ఆమె చీటీని అరచేత్తో చదును చేసింది. "ఇది చిన్నపిల్ల మాట కాదు మాస్టారూ. రాసింది పిల్లే కావచ్చు గానీ మాట్లాడింది పిల్ల కాదు. నలభై దాటిన ఆడమనిషి. పాపం, ఇంట్లో పలికేవాళ్ళు లేరు."

"లేరంటావా?"

"ఉంటే ఓ ఊఁ అయినా కొట్టరా? ఏం ఇల్లండీ అది! మొగుడనేవాడు ఉన్నాడో లేడో. ఉంటే రాయి అయి ఉంటాడు. పిల్లలుంటే వాళ్ళూ రాళ్ళే. ఈ పిచ్చితల్లేమో కిటికీ దగ్గర నిలబడి గోడలతో మాట్లాడుకుంటోంది!"

మాస్టారు ఇక తట్టుకోలేకపోయాడు. "దారం చూసొస్తాను," అని ట్రయల్ రూములోకి పోయి తెర లాగేసుకున్నాడు. తెర వెనక నుంచి దగ్గో తుమ్మో తేలని చప్పుళ్ళు చాలాసేపు వినిపించాయి.

"ఆయనకు ఛాతీలో కఫం పట్టింది. చూపించుకోమంటే వినరు," అంది జాగ్రత్తమ్మ.

ఇస్త్రీ ఆమె చొక్కా వెనక నుంచి, "నిజమే వదినా," అంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అంది కాబట్టి ఆ మాటకు మంచి బరువు వచ్చింది.

మధ్యాహ్నం దాకా ఆమె చేతులు పనిచేశాయి గానీ మనసు చెయ్యలేదు. ఎవరిదో గౌనుకు చేతులు తిరగేసి కుట్టి మళ్ళీ విప్పింది. పలికేవాళ్ళు లేని ఆడమనిషి. అలాంటి మనిషి ఓ రోజు అడగడం మానేస్తే? ఏ రోజు మానేసిందో కూడా ఎవరూ గమనించరు కదా! అంతే, ఆమె లేచింది. ఎలాగైనా ఆ మనిషిని పట్టుకోవాలి. గంటలో వస్తానని చెప్పి, మెడలో టేపుతోనూ, భుజాన బట్టకు గుచ్చుకున్న నాలుగు గుండుసూదులతోనూ బడికి బయల్దేరింది.

టీచరుగారు పై అంతస్తు గదిలో పుస్తకాల గుట్ట ముందు కూర్చుని ఉంది. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు.

"ఇది రాసిన పిల్ల ఎవరో చెప్పండి మేడం. వాళ్ళమ్మతో మాట్లాడాలి."

"పేరు చెప్పకూడదండీ. అది పిల్లలకు నేనిచ్చిన మాట."

"పేరొద్దు. ఇల్లెక్కడో చెప్పండి చాలు."

టీచరుగారు నవ్వు ఆపుకుంది. "వాళ్ళమ్మతో మీకేం పని?"

"ఓ మాట చెప్పి వచ్చేస్తాను. కూర్చోను కూడా."

"ఏం మాట?"

జాగ్రత్తమ్మ కాస్త సిగ్గుపడింది. "మంట ఆర్పారమ్మా, గడియ పెట్టారమ్మా అని. ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. అన్నాళ్ళుగా అడుగుతుంటే!"

టీచరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఈ కవితలో మనసు ఎలా ఉందని మీకనిపించింది?" అని అడిగింది, ఈసారి నిజంగా తెలుసుకోవాలని.

"మొదట భయం అనుకున్నానండీ. కానీ భయమైతే మనిషి పరిగెత్తుతుంది, లేకపోతే తలుపేసుకుంటుంది. ఈమె రెండూ చెయ్యట్లేదు. నిలబడి ఉంది."

గంట మోగింది. టీచరుగారికి కింద క్లాసు. మోచేతిదాకా పుస్తకాలు పేర్చుకుని లేచింది. ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు. అప్పుడే ఎవరో తుడిచి వెళ్ళారు. మెట్లు మెరుస్తున్నాయి. జాగ్రత్తమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మెట్టు మీద తడి ఉంది, చూసి దిగండి! కింద చూడకుండా అన్ని పుస్తకాలేమిటండీ! వింటున్నారా?"

ఎత్తయిన గోడలు, ఖాళీ మెట్లు. ఆ మాట కిందిదాకా పోయి, అక్కడ గోడకు తగిలి, ఒక్కో అంతస్తూ ఎక్కుతూ తిరిగి పైకి వచ్చింది. తడి ఉంది... చూసి దిగండి... వింటున్నారా...

నలభై మూడేళ్ళలో మొదటిసారి ఆమె తన గొంతు తాను విన్నది.

టీచరుగారు ఒక కాలు గాల్లో ఉంచి అలాగే ఆగిపోయింది. ఆమె చూపు జాగ్రత్తమ్మ చేతిలోని చీటీ మీద పడింది, అక్కడి నుంచి మొహం మీదికి వచ్చింది. పాపం, ఏమనాలో ఏ పుస్తకంలోనూ లేదు.

జాగ్రత్తమ్మ చీటీ విప్పి చదువుకుంది. పైనుంచి కిందికి ఒకసారి. కింది నుంచి పైకి ఒకసారి. కిటికీ గడియ. టీ. బకెట్టు. అన్నీ వరసగా వాటి చోట్లలో వచ్చి కూర్చున్నాయి. పొద్దున షాపులో తాను అన్న మాటలూ వచ్చి కూర్చున్నాయి. మొగుడు రాయి, పిల్లలు రాళ్ళు, పిచ్చితల్లి. మాస్టారి కఫం కూడా ఏమిటో తెలిసిపోయింది.

"వస్తానండీ," అని మెల్లిగా దిగి వెళ్ళిపోయింది. రైలింగు కూడా పట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏదో తేడాగా ఉందని ముందు కనిపెట్టింది అత్తగారే. ఆవిడ కొడుకు బల్బు మార్చడానికి మూడు కాళ్ళ స్టూలు ఎక్కాడు. నాలుగో కాలు విరిగి రెండేళ్ళయింది. మామూలుగా అయితే ఆయన స్టూలు వైపు చూసినా కోడలు అంబులెన్సు నంబరు వెతికేది. ఇవాళ ఆ పక్కనుంచే బట్టలు తీసుకుని నడిచిపోయింది.

"ఒరేయ్, దిగరా," అంది అత్తగారు భయంగా. "కోడలికి ఒంట్లో బాగాలేదు. నువ్వు చచ్చినా పట్టించుకునేలా లేదు."

మర్నాడు తెల్లారేసరికి ఇల్లు తలకిందులైంది. ఎవరూ కుళాయి కట్టెయ్యమనలేదు కాబట్టి ఎవరూ కట్టెయ్యలేదు. అత్తగారి కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. ఆయన పొద్దున్నే ఓ కాలికి నల్ల చెప్పు, ఓ కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని పనికి బయల్దేరి, వీధి చివర నుంచి తిరిగి వచ్చాడు. అన్నేళ్ళుగా చెవిన పడనట్టు నటించిన మాటల మీదే ఆ ఇల్లు నిలబడి ఉందని అప్పుడు తెలిసింది వాళ్ళకు.

అంతకుముందు, ఆ సాయంత్రమే, కూతురు వంటగది గుమ్మంలో నిలబడింది.

"బడికి వచ్చావటగా."

తల్లి కూరగాయలు తరుగుతోంది.

"డబ్బాలో చెయ్యి పెడితే నాదే వచ్చిందమ్మా. నా ఖర్మ. మార్చుకోకూడదన్నారు. నీకు చూపించకూడదనే అనుకున్నా." గుమ్మం చెక్కను గోటితో గీసింది. "నేను ఒక్క మాట కూడా కల్పించలేదు. నువ్వన్నవే. బస్సులో కూర్చున్నాక రోజూ అవే చెవిలో తిరుగుతుంటాయి. కోపం వచ్చిందా?"

తల్లి ఇంకో వంకాయ అందుకుంది.

"తిట్టనైనా తిట్టు."

కత్తి చెక్క మీద టకటకమని ఆడుతూనే ఉంది. కాసేపటికి తల్లి చెయ్యి తుడుచుకుని, బళ్ళో ఇవ్వాల్సిన కాగితం అందుకుని, తన గుండ్రటి అక్షరాలతో ఏదో రాసి, సంతకం పెట్టి, మడిచి కూతురి పుస్తకంలో పెట్టేసింది.

తెల్లారింది. కూతురు టీ పెట్టుకుంది, జడ వేసుకుంది, సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర కావాలనే నెమ్మదిగా చెప్పులు తొడుక్కుంది. ఒక మాటైనా వస్తుందేమోనని చూసింది. తల్లి పాలగిన్నెను పొయ్యి మీద నుంచి దించి, దాని వైపు చూస్తూ నిలబడింది.

"వెళ్తున్నా," అంది కూతురు.

ఏమీ లేదు.

అడుగుల చప్పుడు మెట్లు దిగింది. కాళ్ళు ఆగక తల్లి కిటికీ దగ్గరికి వచ్చేసింది గానీ పెదవులు గట్టిగా బిగించుకుంది. రెండో అంతస్తు దగ్గర అడుగులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయి? జారిందా? జారితే చప్పుడు కావాలి కదా! చప్పుడు కాకుండా పడితే తల తగిలినట్టు! నోరు దానంతటదే తెరుచుకుంది. రెండు చేతులతోనూ మూసుకుంది.

పిల్ల పడలేదు. మెట్ల మీద నిలబడి తల్లి రాసిన కాగితం చదువుతోంది.

"ఈ కవిత ఏడు వరసలు. కొత్త గుడ్డ కాదు, రోజూ వాడే పాత గుడ్డలోంచి తీసింది. కత్తిరించిన చేతికి పని వచ్చు. పనికిరానిదంతా పారేసి, నిలిచేది ఉంచింది. మూడు గుండీలు ఉన్నాయి. కాజాలు లేవు. మరిచిపోయారో, కావాలని వదిలేశారో కుట్టినవాళ్ళకే తెలియాలి. ఇందులో మనసు భయం అని అందరూ అంటారు. భయం కాదు. కిటికీ దగ్గర నిలబడడం."

బస్సు వీధి మొదట్లో కనిపించింది. కూతురు బయటికి వచ్చింది. ఎప్పుడూ వెనక్కి చూడకుండా పోయే పిల్ల వీధి మధ్యలో ఆగి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, మూడో అంతస్తు కిటికీ వైపు చూసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"అమ్మా! గడియ పెట్టావా?"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ తలెత్తారు.

"మంట ఆర్పావా?"

ఎదురింటాయన నడుం పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు. కిటికీలో తల్లి కొయ్యబారిపోయింది. ఆ ప్రశ్న ఎవరి నోటి నుంచీ ఎప్పుడూ ఆమె వైపు రాలేదు. ఎప్పుడూ ఇటునుంచి అటు పోయేదే.

"వింటున్నావా?"

"పలకవే," అంది వెనక నుంచి అత్తగారు. "పిల్లకు బస్సు పోతుంది. ఏమే, ఆర్పావా లేదా?"

ఆర్పానా? ఎంత తలుచుకున్నా ఆర్పినట్టు గుర్తులేదు. నిన్నటి నుంచి ఎవరినీ అడగలేదు, తననూ తాను ప్రశ్నించుకోలేదు. కిటికీ ఖాళీ అయిపోయింది. కింద బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. కూతురు ఓ కాలు మెట్టు మీదా ఓ కాలు రోడ్డు మీదా పెట్టి, కిటికీ మీద నుంచి చూపు తియ్యలేదు. బస్సులోని వాళ్ళూ ఒక్కొక్కరే అటే చూడడం మొదలుపెట్టారు.

ఇంతసేపూ పాలగిన్నె దించిన పొయ్యి, పైన ఏమీ లేకుండా, నీలంగా, నిండుగా, తన మానాన తాను మండుతోంది.

చాలాసేపటికి కిటికీలో తల మళ్ళీ కనిపించింది. జుట్టు చెదిరి, ఊపిరి ఆడక, వీధి వీధంతా వినేలా జవాబు వచ్చింది.

"ఇప్పుడే ఆర్పానే తల్లీ!"